తొలి వెయ్యి మైళ్ళు

ఇంజన్ దగ్గుతోంది. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నా పొగ బయటికి పోవడానికి బద్ధకిస్తోంది. ఇనప స్టాండుకి బోల్టులతో బిగించిన ఆ పాత ఇంజన్ని నడుస్తుండగానే వదిలేసి మెల్విన్ వ్యానెక్కాడు. "గాస్కెట్లు తెచ్చుకోవాలి మాస్టారూ, ఊళ్ళోకెళ్ళి గంటలో వచ్చేస్తా. ఈలోగా దీన్ని తీరిగ్గా వినండి, దాన్ని తీరిగ్గా చూడండి, ఏది కావాలో తేల్చుకోండి. కెటిల్లో నీళ్ళున్నాయి. బిస్కెట్లు మాత్రం మెత్తబడ్డాయి, తర్వాత తిడతారని ముందే చెబుతున్నా." ఇదంటే స్టాండు మీద దగ్గుతున్నది, కంచెని గుద్ది తుక్కయిపోయిన ఎవరిదో కారులోంచి తీసింది. అదంటే ఎదురుగా బల్ల మీద ఉతికిన దుప్పటి కప్పుకుని పడుకున్నది, ఎవరో ఒకరు కొంటారని చలికాలమంతా మెల్విన్ కూర్చుని సిలిండర్లకి బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త బేరింగులు వేసి, కడిగి, తుడిచి పెట్టింది. రెండూ ఒకే జాతివి, క్లిఫర్డ్ ట్రాంటర్ పాతకాలపు రెండు సీట్ల ఎంజీ కారు బోనెట్ కింద రెండూ సరిగ్గా సరిపోతాయి. ఎవరి బండిలోంచో పీకేసిన తోలు సీటు షెడ్డులో కుర్చీగా మారింది, దాని మీద క్లిఫర్డ్ మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బళ్ళో పిల్లలకి ఇనుము కొయ్యడం, ఆకురాయి పట్టడం, అతకడం నేర్పిన మనిషికి రెండిట్లో ఏది మంచిదో చెప్పడానికి గంట దేనికి, ఆ సంగతి మెల్విన్‌కీ తెలుసు, ఆ బళ్ళో చదువుకున్నవాడేగా. మాస్టారికి ఇంజన్ల దగ్గర కాసేపు కూర్చోవడం సరదా అనుకుని ఉంటాడు వెర్రివాడు.

దుప్పటి కింద ఉన్నదే మంచిది, అందులో సందేహం లేదు, కానీ కొత్తగా కట్టిన ఇంజన్ని మచ్చిక చేసుకోవాలి. తొలి వెయ్యి మైళ్ళు వేగం యాభై దాటకూడదు, ఎత్తు మీద గట్టిగా తొక్కకూడదు, తొక్కకుండా ఈడ్వకూడదు, రింగులూ బోరూ ఒకదానికొకటి అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి. ఆ వెయ్యీ సవ్యంగా నడిపితే మనిషి జీవితానికి సరిపడా మాట వింటుంది, తొందరపడితే బతికినన్నాళ్ళూ నూనె తాగుతుంది. ఓపికంటే క్లిఫర్డ్‌కి భయం లేదు, ఓపిక ఒకప్పుడు ఒళ్ళంతా ఉండేది, ఇప్పుడు లేనిది ఒళ్ళే. గట్టిగా అరగంట కూర్చుంటే వెన్నులోంచి కడుపులోకి ఏదో మెలిపెడుతుంది. మాత్రల మోతాదు పెంచిన రోజున స్టీరింగ్ ముట్టుకోకూడదని డాక్టరమ్మ ముందే చెప్పింది. రోజుకి అరగంట, అదీ మంచిరోజుల్లో, ఎన్నాళ్ళు. ఎటునుంచి లెక్కేసినా తన ఒంట్లో వెయ్యి మైళ్ళు లేవు. "వేసవి బాగానే గడుస్తుంది మిస్టర్ ట్రాంటర్, ఆపైన నన్నడక్కండి" అంది జనవరిలో ఆ డాక్టరమ్మ, గొంతులో జాలి రాకుండా చూసుకుంటూ. ఇందాక మెల్విన్ స్టాండు మీదున్నదాన్ని బూటుతో తట్టి ఏమన్నాడు, "దీన్ని ఎంత తొక్కినా పాపం లేదు మాస్టారూ, ఒక వేసవి లాగుతుంది, ఆపైన నన్నడక్కండి" అన్నాడు. ఆ మాట విని క్లిఫర్డ్ నవ్వబోయాడు, నవ్వు మధ్యలోనే ఎండిపోయింది.

అయితే ఇదే తీసుకో, అంతేగా, వేలు పెట్టి చూపించు, అయిపోతుంది. అదే అవదు. క్లిఫర్డ్ ట్రాంటర్ పొగతాగే ఇంజన్ని, ఆయిల్ ప్రెషరు ముల్లు లేవలేక లేస్తున్నదాన్ని, పక్కన బంగారంలాంటిది పెట్టుకుని కూడా కావాలన్నాడంటే మెల్విన్ చేతిలో కప్పు కింద పెట్టేస్తాడు. ఆకురాయి సరిగా పట్టలేదని వాడు పదమూడేళ్ళప్పుడు చేసిన తలుపుబందుని కిటికీలోంచి మైదానంలోకి విసిరేసింది తనే, సగం పని పనే కాదని అరిచింది తనే. వాడు అడగడు, కానీ తెలుసుకుంటాడు. వాడు తెలుసుకుంటే క్లిఫర్డ్ భార్య గ్లెనిస్ తెలుసుకుంటుంది. ఆ ఇంజన్ వైపు వేలు చూపించడమూ, నేను పోతున్నానని చెప్పడమూ ఒకటే. పోనీ మంచిదే అడిగితే? అప్పుడు అంతా సజావుగా ఉంటుంది, మెల్విన్ వెన్ను తట్టి పంపిస్తాడు, గ్లెనిస్ శాండ్‌విచ్‌లు కడుతుంది, తను యాభై దాటకుండా ఇంటి చుట్టుపక్కల తిరిగి తిరిగి, ఆ ఇంజన్ నోరు విప్పి పాడకముందే తన నోరు మూతపడుతుంది. అబద్ధానికి ఇంత ఖరీదు ఉంటుందని జనవరిలో తెలియలేదు.

మసిపట్టిన కిటికీలోంచి బయట గ్లెనిస్ కనిపిస్తోంది. రోజువారీ కారులో, పక్క సీట్లో, అద్దం దించుకుని గళ్ళనుడికట్టు నింపుతోంది, పెన్సిలు కొన నములుతోంది, ఏప్రిల్ గాలికి తెల్లజుట్టు ఎగురుతుంటే చెవి వెనక్కి తోస్తోంది. లోపలికి రావే అంటే, ఆ వాసన పూసుకుని వచ్చి మళ్ళీ నా కుషన్ల మీదే కూర్చుంటావు, అది చాలదా, నేనూ పూసుకోవడం ఎందుకు, అంది. పళ్ళ సెట్టు సరిగా కుదర్లేదని, అందుకే తినలేకపోతున్నానని చెప్పాడు ఆమెకి. ఎంత చచ్చు అబద్ధమో, నాటకంలో వేషానికి కూడా పనికిరాదు. కానీ నమ్మింది. నమ్మి, సూపులు చేస్తోంది, బఠాణీ మెత్తగా ఉడికిస్తోంది, మొన్నెప్పుడో అడక్కుండానే ప్యాంటు నడుములు కుట్టి బిగించింది. కుడుతున్నప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుంది కాబట్టి ఏమీ మాట్లాడలేదు. ఆ వెధవ పళ్ళ డాక్టర్ని మార్చెయ్యమని కూడా అనలేదు. ఇంతమంచి మనిషిని మోసం చెయ్యడం ఇంత సులువా అని ఆ రాత్రి క్లిఫర్డ్‌కి చాలా సిగ్గేసింది.

చెప్పకూడదని కాదు, చెప్పడానికి వీలు కుదరలేదు అంతే, అదీ అబద్ధమే. చెబితే ఏమవుతుందో తెలుసు. మంగళవారం మంగళవారంలా ఉండదు. తను దగ్గితే ఆమె తలెత్తుతుంది. అక్కచెల్లెళ్ళు కేకులు పట్టుకుని వచ్చి చిన్నగొంతులతో మాట్లాడతారు. ముందుగది ఖాళీ చేసి మేడమీంచి మంచం దింపుతారు. ఆ మంచం ఎప్పటికైనా దిగుతుంది, కానీ మొదట ఈ వేసవి, ఒక్క వేసవి, ఎప్పట్లాగే ఉంటే చాలుననుకున్నాడు. ఒకరితో ఒకరు రోజూ పోట్లాడుకుంటూ, చెత్తబుట్ట ఎవరు బయట పెట్టాలో వాదించుకుంటూ. భయంగా కూడా ఉంది. ఆ మాట తనలో తను అనుకోవడానికి కూడా ఇంజన్ చప్పుడు కావాల్సి వచ్చింది. చచ్చిపోవడమంటే క్లిఫర్డ్‌కి చాలా భయంగా ఉంది.

జనవరి. ఈ ఏడాది మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే లారీలు ఆలస్యంగా తిరిగాయి. ఉప్పు పడిందంటే తుప్పు పడుతుందని ఇక ఎంజీ బయటికి రాదు, వసంతం దాకా గ్యారేజీలో పడుకుంటుంది, పడుకోబెట్టేముందు ఇంజన్ని చల్లబరిచే నీళ్ళన్నీ తీసేస్తాడు. గడ్డకట్టని మందు కలుపుకోవచ్చుగా అని పాత కార్ల క్లబ్బులో అందరూ నవ్వుతారు, మాస్టారింకా యుద్ధం అయిపోలేదనుకుంటున్నారర్రా అంటారు. ఆ మందు పాత గొట్టాల అతుకుల్లోంచి ఊరి కారుతుంది, నాన్న నీళ్ళే పోసేవాడు, తనూ నీళ్ళే పోస్తాడు. నీళ్ళు తియ్యడానికి రెండు కుళాయిలు. ఒకటి రేడియేటర్ కింద, ఎదురుగా, పసిపిల్లాడైనా విప్పుతాడు. రెండోది ఇంజన్ బ్లాకు వెనకవైపు, చెయ్యి దూరీ దూరని చోట, కంటికి కనపడదు, వేళ్ళతో తడుముకోవాలి. విప్పినా నీళ్ళు రావు, లోపల తుప్పు పేరుకుని బెజ్జం మూసుకుపోయి ఉంటుంది, తీగతో పొడిస్తేనే ఎర్రటి నీళ్ళు దూకుతాయి. దానికోసమని వంచిపెట్టిన సైకిలు చక్రం పుల్లొకటి గ్యారేజీ గోడకి మేకు మీద వేలాడుతూ ఉంటుంది. ఏ చలికాలమూ మర్చిపోలేదు. రెండో కుళాయి తెలియని కుర్రాళ్ళు ప్రతి ఏడూ పగిలిన ఇంజన్లతో మెల్విన్ గుమ్మంలో నిలబడతారు, తను పక్కన నిలబడి వాళ్ళకి పాఠం చెబుతాడు. ఆరోజు పొద్దున ఆస్పత్రి నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా గ్యారేజీలోకి వెళ్ళాడు. మొదటి కుళాయి విప్పాడు. నీళ్ళు కాలవలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. క్లోమం అన్నారు. క్లోమం ఎక్కడుంటుందో తనకి తెలియదు. కళ్ళకి గంతలు కట్టినా ఏ ఇంజనైనా విప్పి మళ్ళీ బిగించే మనిషి, తన ఒంట్లో ఏది ఎక్కడుందో తెలియకుండానే ఇన్నేళ్ళు తిరిగాడు. నీళ్ళు ఆగిపోయాయి. బోనెట్ దించి, దుప్పటి కప్పి, లోపలికెళ్ళాడు. ఏమన్నారు అని అడిగింది గ్లెనిస్. ఏముంది, నమలకుండా మింగుతున్నానట, పళ్ళు, అన్నాడు.

ఆ వారమంతా మంచు. మిగిలిపోయిన నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, పోత ఇనుముని లోపల్నుంచి చీల్చాయి. ఆ సంగతి మార్చిలో తెలిసింది. మొక్కలకి పోసే డబ్బాతో నీళ్ళు పోస్తుంటే ఎంతకీ నిండదు, కింద బొటబొటమని చప్పుడు, వంగి చూస్తే ఇంజన్ పక్కన జానెడు పగులు, దాన్లోంచి చక్కగా, శుభ్రంగా, నీళ్ళు కారుతున్నాయి. తనే పగలగొట్టాడు. పాఠం చెప్పేవాడు. ఏడుపొచ్చింది, ఇనప ముక్క కోసం, జనవరిలో తనకోసం రాని ఏడుపు అప్పుడొచ్చింది. గుమ్మంలో గ్లెనిస్ టీ కప్పుతో నిలబడి ఉంది. నేల మీద నీళ్ళు చూసింది, మేకు మీద పొడిగా వేలాడుతున్న సైకిలు పుల్లని చూసింది, క్లిఫర్డ్ మొహం చూసింది. టీ చల్లారిపోతోంది అని చెప్పి కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఒక్కమాట దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

ఇంజన్ ఒకసారి తడబడి, మళ్ళీ అందుకుంది. నాన్న అయితే రెండో ఆలోచన లేకుండా దుప్పటి కింద ఉన్నదే తీసుకునేవాడు. ఆరోజుల్లో ఇంజన్లు త్వరగా అరిగిపోయేవి, బోరు కొట్టించడం మామూలు సంగతి, కొట్టించిన ప్రతిసారీ నాన్న తెల్ల అట్టముక్క మీద నల్లరంగుతో రాసి వెనకద్దానికి అంటించేవాడు, కొత్త ఇంజన్, దయచేసి దాటిపొండి. ఊరందరి కార్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఉండే అట్టే అది. వెనకసీట్లో మోకాళ్ళ మీద నిలబడి క్లిఫర్డ్ లోకమంతా తమని దాటిపోవడం చూసేవాడు. పాల లారీ దాటిపోయేది, బస్సు దాటిపోయేది, ఒకసారైతే మోపెడ్ మీద చర్చి ఫాదరు దాటిపోతూ చెయ్యి కూడా ఊపాడు. నాన్న మాత్రం రాజాలాగ, పైపు నోట్లో పెట్టుకుని, ఎవరిమీదా కోపం లేకుండా నడిపేవాడు. పిల్లాడికి తలకొట్టేసినట్టుండేది. పెద్దయ్యాక ఎవర్నీ దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. నాన్న ఆస్పత్రిలో పోయాడు, పొద్దున్నే, ఎవరూ పక్కన లేనప్పుడు, నర్సు మళ్ళీ వచ్చేలోపు.

గ్లెనిస్‌ని పెళ్ళి చేసుకున్న వేసవిలో కూడా ఇంజన్ కొత్తదే, ఈ పగిలిన ఇంజనే, అప్పుడే బోరు కొట్టించి బిగించాడు. లడ్లో అనే ఊరు దాటి పడమరగా వేల్స్‌లోకి, వాళ్ళమ్మగారింటికి, నత్తనడకన. టాపు దించి ఉంది. ఆమె ఒళ్ళో టవలు పరుచుకుని ఉడకబెట్టిన గుడ్లు వొలిచి క్లిఫర్డ్‌కి ఒకటి, తను ఒకటి, పెంకులు గాలికి వదులుతోంది. నేను నడపనా కాసేపు అంది. నడపడం తెలియక కాదు, ఊరూరా తిరిగే లైబ్రరీ వ్యాను నడిపేది ఆమె, పుస్తకాల బరువుతో ఏనుగులా ఊగే ఆ బండిని కొండదారుల్లో వెనక్కి కూడా నడిపేది. వెయ్యి మైళ్ళవనీ, ఇంజన్ సర్దుకోనీ, అన్నాడు. వెయ్యి అయ్యాయి. తర్వాత వానలొచ్చాయి, తర్వాత గేరు కాస్త మొరాయిస్తోంది, తర్వాత ఇంకేదో. ఆమె మళ్ళీ అడగలేదు. తన పాటికి తను లైబ్రరీ వ్యాను నడుపుకుంటూ రిటైరైంది. ఎంజీలో ఆమె చోటు ఎడమవైపు, గుడ్లు వొలిచే చోటు.

ఆ దారిలోనే, వాళ్ళమ్మగారి ఊరికి ముందు, కొండెక్కే రోడ్డొకటి ఉంది. కింద గొర్రెలు, పైన ఆకాశం, మధ్యలో మలుపులు. మూడో గేరులో తొక్కి పట్టి ఎక్కిస్తే సగంలోకి వచ్చేసరికి ఇంజన్ గొంతు మారుతుంది, అప్పటిదాకా గొణిగింది కాస్తా పాట అందుకుంటుంది, ఆ పాట వెన్నుపూసలోంచి వచ్చి పళ్ళల్లో మోగుతుంది. పెట్టుడు పళ్ళల్లో కూడా మోగుతుంది, రెండేళ్ళ కిందట చూసుకున్నాడు. అదొక్కటే కావాలి. ఇంకొక్కసారి ఆ కొండెక్కాలి, దయాదాక్షిణ్యం లేకుండా తొక్కాలి, ఎవరూ దాటకుండా. వెయ్యి మైళ్ళ మర్యాద చేయించుకునే ఇంజన్ ఆ కొండ మీద పాడదు. ఈ దగ్గుది పాడుతుంది, రేపే పాడుతుంది, పాడి చచ్చినా చస్తుంది. క్లిఫర్డ్ లేచాడు, లేవడానికి స్టాండు పట్టుకున్నాడు, యాక్సిలరేటర్ తీగ లాగి ఇంజన్ వేగం పెంచాడు. దగ్గు ఆగింది. గొంతు లేచింది, షెడ్డు రేకులు వణికాయి, గోడకున్న స్పానర్లు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి, నీలంపొగ తలుపుల్లోంచి పెరట్లోకి దొర్లింది, ఆ గొంతులో అరిగిపోయినతనమంతా ఉంది, అయినా పాటే, అదే పాట, క్లిఫర్డ్ కళ్ళు మూసుకుని ఇంకా లాగాడు, ఇంకా, కొండ సగందాకా వచ్చేశాడు.

అప్పుడు నొప్పి వచ్చింది. చెప్పి రాదు అది. తీగ వదిలేసి, రెండడుగులు వేసి, దొరికిందాని మీద చేతులు పెట్టి వంగిపోయాడు. చేతుల కింద ఉతికిన దుప్పటి, దుప్పటి కింద చల్లగా, గట్టిగా, కొత్త ఇంజన్. నొప్పిలో మనిషికి ఏమీ కనపడదంటారు గానీ అన్నీ కనపడతాయి, దుప్పటి అంచు కుట్టు కనపడింది, అది మెల్విన్ పెళ్ళాం కుట్టు అయ్యుండాలి, దుప్పటి జరిగి వాల్వు మూత కింద కొత్త గాస్కెట్ అంచు కనపడింది, ఎంత శుభ్రంగా కోశాడు వెధవ, బాగా నేర్చుకున్నాడు. నొప్పి తగ్గుతున్నకొద్దీ కోపం పెరిగింది. ఈ ఇంజన్ ఎవడికి. తను నెమ్మదిగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని దీన్ని మచ్చిక చేస్తూ చేస్తూ పోతాడు, కొన్నాళ్ళకి గ్లెనిస్ కారు అమ్మకానికి పెడుతుంది, గొర్రెతోలు కోటు వేసుకుని లండన్ నుంచి ఎవడో వస్తాడు, తలుపు తీసి మూసి, టైర్లు తన్ని, బేరమాడి పట్టుకుపోతాడు, ఆ కొండ మీద వాడు వింటాడు ఆ పాట. లేదా ఇంజనే పీకి పారేసి బ్యాటరీలు పెట్టిస్తాడు, ఇప్పుడదొక సరదా, చప్పుడు చెయ్యని ఎంజీ. ఒక ముసలోడు ఎవడో కొత్త ఇంజన్ వేయించాడులే, పాపం వాడుకోలేదు, అంటాడు ఆ కోటువాడు. వద్దు. పొగదే తీసుకుంటాను. మెల్విన్ ఏమనుకుంటే అనుకోనీ. గ్లెనిస్‌తో ఏదో ఒకటి చెబుదాం, డబ్బు దండగ ఎందుకని అందాం, తను ఎప్పుడూ అనని మాట, అయినా అందాం. పెదాలు కదుపుతూ వాక్యం సిద్ధం చేసుకున్నాడు. మెల్, దీన్నే బిగించెయ్యి, ఉన్నదాంతో సరిపెట్టుకుందాం. బాగానే ఉంది. గొంతు వణకకపోతే చాలు. మొహం తుడుచుకుని వెళ్ళి తోలు సీట్లో ఎప్పట్లాగే కూర్చున్నాడు.

వ్యాను వచ్చింది. మెల్విన్ దిగడమూ, గ్లెనిస్ కారు తలుపు తెరుచుకోవడమూ ఒకేసారి జరిగాయి. గళ్ళనుడికట్టు కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ వాడి వెనకే షెడ్డులోకి వచ్చింది. పొగకి మొహం చిట్లించింది, కానీ బయటికి పోలేదు.

"ఏం మాస్టారూ, తేలిందా?" అన్నాడు మెల్విన్ గాస్కెట్ల పొట్లం బల్ల మీద పెడుతూ. "మీకు అడగడం కూడా దండగే అనుకోండి."

క్లిఫర్డ్ నోరు తెరిచాడు.

"దుప్పటి కప్పుకున్నది," అంది గ్లెనిస్.

"చూశారా, గ్లెనిస్‌గారికే తెలిసిపోయింది." మెల్విన్ నవ్వుతూ క్లిఫర్డ్ వైపు తిరిగి వేలు ఆడించాడు. "వెయ్యి మైళ్ళు, మాస్టారూ. యాభై దాటారో నేనొచ్చి తాళాలు లాక్కుంటా. మీరు నాకు చెప్పిన పాఠమే మీకు చెబుతున్నా."

"ఆయనకి కాదు మెల్, నాకు చెప్పు. నడిపేది నేను."

మెల్విన్ వేలు గాల్లోనే ఉండిపోయింది. ఆమె మొహం చూశాడు, మాస్టారి కాలరులో సన్నబడ్డ మెడ చూశాడు, పొద్దుట్నుంచి తన కళ్ళ ముందే ఉన్న మెడ. వెళ్ళి స్టాండు మీదున్న ఇంజన్ ఆపేశాడు. అంతసేపూ ఆ చప్పుడు వెనక దాక్కున్న క్లిఫర్డ్‌కి ఒక్కసారిగా దాక్కునే చోటు లేకుండా పోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"ఫిబ్రవరి. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, వైద్యం సంగతి మీవారు ఏం తేల్చుకున్నారు అని. నువ్వు పెరట్లో చెత్తబుట్టతో కుస్తీ పడుతున్నావు. అడిగి చెబుతానన్నాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, చేతులే కోటు గుండీని తిప్పేస్తున్నాయి. "నువ్వు చెబుతావని చూశాను. మార్చిలో ఆ ఇంజన్ పగులు బయటపడినరోజు చెబుతావేమో అనుకున్నాను, నీకు టీ పెట్టుకొచ్చాను. ఆ రాత్రి కూడా పళ్ళే అన్నావు. నీ ప్యాంటు కుడుతుంటే చెబుతావనుకున్నాను. అప్పుడూ పళ్ళే."

"గ్లెన్."

"మాట్లాడకు. ఇంకా కోపంగా ఉన్నాను. పక్కన పడుకుని అన్నాళ్ళు అబద్ధమాడావు, నేను గోడవైపు తిరిగి ఏడవాల్సి వచ్చింది. ఇప్పుడు ఈ పొగగొట్టాన్ని తగిలించుకుని నువ్వొక్కడివే ఆ కొండ మీదికి పోదామని కదూ? ఇందాక దాన్ని ఎంత తొక్కావో రోడ్డు దాకా వినపడింది. కుదరదు. నువ్వు పక్క సీట్లో కూర్చుంటావు. నెమ్మదిగా పోదాం. నువ్వు కూర్చోగలిగినంతసేపు కూర్చుందువుగాని."

"నెమ్మదిగా పోతే ఆ కొండ మీద అది పాడదు గ్లెన్."

"పాడదు," అంది ఆమె. "తెలుసు."

పాడదు. ఇక వినడు. అంత మాట అంత మామూలుగా అనేసింది, బఠాణీ అయిపోయిందన్నట్టు. క్లిఫర్డ్‌కి ఆమెని అక్కడే కొట్టాలనిపించింది, ఆమె కోటు పట్టుకుని ఏడవాలనిపించింది, రెండూ చెయ్యలేదు. వెయ్యి దాటాక ఆ ఇంజన్ పాడితే వినేది ఆమె. ఒక్కతే, టాపు దించుకుని, పక్క సీటు ఖాళీగా. గొర్రెతోలు కోటువాడు కాదు. ఈ మాట ఇంతసేపట్లో తనకి ఒక్కసారైనా తట్టలేదు. నలభై ఏళ్ళపైన పక్కనే కూర్చున్న మనిషి తట్టలేదు. దాంతో నొప్పి ఏమీ తగ్గలేదు, భయమూ తగ్గలేదు. ఇప్పుడు అది ఇద్దరి భయమైంది, అంతే.

మెల్విన్‌కి ఎటు చూడాలో తెలియలేదు. పొట్లం విప్పి గాస్కెట్లు లెక్కపెట్టినట్టు నటించాడు. చివరికి పనిమాట ఒకటి దొరకబుచ్చుకున్నాడు. "ఇంజన్ బయట ఉన్నప్పుడే క్లచ్ కూడా మార్చెయ్యడం మంచిది. మాస్టారు వేయించుకున్నది రేసు బళ్ళది, తొక్కితే తొడ పట్టేస్తుంది. అదే ఉంచమంటారా, లేక..."

"తేలికది ఉందా? నా ఎడమ మోకాలు మంచిది కాదు," అంది గ్లెనిస్.

"ఉంది."

"అయితే తేలికదే వెయ్యి."

"సీటు," అన్నాడు క్లిఫర్డ్. ఇద్దరూ అతనివైపు చూశారు. "సీటు ముందుకి జరగదు మెల్. నేను కూర్చున్నచోటే పట్టాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఎప్పుడూ జరిపింది లేదు. అలా ఉంటే ఈవిడకి పెడలు అందదు. బోల్టులు కోసెయ్యి, కొత్త పట్టాలు వెయ్యి. ఎంత జరపాలో ఇప్పుడే కొలిచి చెబుతాను, టేపు ఇలా ఇయ్యి."

గ్లెనిస్‌ని తోలు సీట్లో కూర్చోబెట్టాడు. నడుము వెనక్కి ఆనించమన్నాడు, ఎడమకాలు చాపమన్నాడు, అంత కాదు, మోకాలు కొంచెం వంగాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా కాలు నిటారుగా అవకూడదు, అలా. ఆమె చెప్పినట్టే చేసింది, అతని తలమీదుగా ఎటో చూస్తూ. సిమెంటు నేల మీద మోకాళ్ళూని, టేపు ఒక కొన మెల్విన్‌కిచ్చి నడుము దగ్గర పట్టుకోమని, రెండో కొన ఆమె మడమ దాకా లాగాడు. ఆమె బూటు మీద చెయ్యి వేసి ఉంచాడు, కాలు కదలకుండా. కొలత పైకి చదివాడు, క్లాసులో చదివినట్టే. మళ్ళీ కొలిచాడు, అంతే వచ్చింది. ఆమె ఇంత పొట్టిదని ఇన్నాళ్ళూ గమనించనేలేదు. టేపు చుట్టి మెల్విన్ చేతికిచ్చి లేవబోయాడు. కాళ్ళు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. మెల్విన్ ఒక రెక్క పట్టుకున్నాడు, గ్లెనిస్ సీట్లోంచి లేచి ఇంకో రెక్క పట్టుకుంది, ఎప్పట్లాగే ఏదో ఒకటి అనేసి నవ్వేద్దామని క్లిఫర్డ్ మొహం సర్దుకోబోయాడు, సర్దుకోలేకపోయాడు.

"నొప్పిగా ఉంది గ్లెన్," అన్నాడు, మెల్విన్‌కి కూడా వినపడేలా.